పేలిన టైరులో గాలి

మంగళవారం ఉదయం ఆరూ నలభైకి కొండ దారి మూడో మలుపు దగ్గర ఒక కారు రోడ్డు దిగి లోయలో పడింది. వెనక సీట్లో ఉన్న యజమాని చనిపోయాడు. ఆయనది కోల్డ్ స్టోరేజీ వ్యాపారం, వయసు అరవై ఒకటి. కారు నడుపుతున్న డ్రైవర్ ఎడమ మణికట్టు విరిగింది. కట్టు కట్టించి సాయంత్రానికి అతన్ని లాకప్పులో పెట్టారు.

బుధవారం మధ్యాహ్నం డిటెక్టివ్ స్టేషనుకు వచ్చాడు. అతన్ని పిలిపించింది డ్రైవర్ అక్క. ఆమె ఆస్పత్రిలో ఆయా. డిటెక్టివ్ ఒకప్పుడు ఇదే స్టేషనులో పనిచేశాడు. అక్కడ అతని పేరు నత్త. ఆ పేరు పెట్టింది ఇప్పటి ఇన్‌స్పెక్టరే, డిటెక్టివ్ కింద పని నేర్చుకునే రోజుల్లో.

"రండి సార్. నత్త గడప దాటిందంటే కేసుకు బూజు పట్టి ఉండాలి. ఇది నిన్నటిదే. తొందరపడ్డారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మోకాళ్లు లాగుతున్నాయి. కూర్చోవచ్చా?"

"కూర్చోండి. నేను మాత్రం కూర్చోను. రెండు రాత్రులైంది పడుకుని. కూర్చుంటే మళ్లీ లేవను."

ఇన్‌స్పెక్టర్ నిలబడే సంతకాలు చేస్తున్నాడు. డిటెక్టివ్ కుర్చీ గోడకు జరుపుకుని తల ఆనించాడు.

"కేసేమిటి?"

"ముందు టైర్లు ఒక సైజు, వెనక టైర్లు ఒక సైజు. వెనకవి పెద్దవి. అది నాలుగు చక్రాలూ లాగే కారు సార్. అలాంటి కారుకు నాలుగూ ఒకే సైజుండాలట. లేకపోతే ముందు చక్రాలు ఒక లెక్కన, వెనక చక్రాలు ఒక లెక్కన తిరుగుతాయి. మధ్యలో కప్లింగని ఒకటుంటుంది, ఆ తేడా మొత్తం దాని నెత్తిన పడుతుంది. వేడెక్కి, కాలి, బిగుసుకుపోతుంది. మలుపులో బిగుసుకుంది, కారు జారింది. ఇన్సూరెన్సు సర్వేయరు అలాగే రాసిచ్చాడు."

"డ్రైవర్ తప్పేముంది ఇందులో?"

"కారుకు నాలుగూ కొత్త టైర్లు వేయించి మూడు నెలలు కాలేదు. వెనక రెండూ అమ్ముకుని మీవాడు ఎక్కడివో పాతవి తగిలించాడు. పెద్దాయన ప్రాణం పోయింది."

"ఒప్పుకున్నాడా?"

"ఎందుకు ఒప్పుకుంటాడు? వెనక ఎడమ టైరు పేలిందంటాడు. చెవులారా విన్నాడట. ఆ టైరు నేనే కాలితో తన్ని చూశాను సార్. నిండుగా గాలి ఉంది. పేలిన టైరులో గాలెక్కడిది? నాలుగు గంటలకు మేజిస్ట్రేటు ముందు పెడుతున్నాం. రిమాండుకు పంపమని అడుగుతాం."

"ఐదు నిమిషాలు వాడితో మాట్లాడనివ్వు."

"మీ ఐదు నిమిషాలు నేను చూడనివా. అరగంట తీసుకోండి."

డ్రైవర్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. చొక్కా మీద నిన్నటి రక్తం అలాగే ఉంది. డిటెక్టివ్ ఊచలకు ఇవతల నేల మీద కూర్చున్నాడు. కూర్చోవడానికి కొంత సమయం పట్టింది.

"టైర్లు అమ్మావా?"

"లేదు సార్."

"మీ అక్క కూడా లేదనే చెప్పింది. అక్కలు అలాగే చెబుతారు. అందుకే నిన్నడుగుతున్నాను."

"అమ్మలేదు సార్. టైర్ల విషయంలో పెద్దయ్యగారు ఎలాంటివారో మీకు తెలీదు. మారిస్తే నాలుగూ ఒకేసారి మార్చాలి. ఒకే కంపెనీ, ఒకే సైజు. ఒకసారి పంక్చరైతే స్టెప్నీ వేశాను. అది కాస్త చిన్నది. ఇల్లు చేరేదాకా యాభై దాటనివ్వలేదు. వెనక నుంచి నా భుజం పట్టుకు కూర్చున్నారు, పిల్లాడికి సైకిల్ నేర్పినట్టు. నేను టైర్లు మారిస్తే ఆయనకు తెలీకుండా ఉంటుందా?"

"నిన్న ఏం జరిగింది?"

"ఐదుంపావుకు బయల్దేరాం. మలుపు దాకా అరవై కిలోమీటర్ల పైనే. ఎక్కడా ఆగలేదు. మలుపు తిప్పుతుంటే వెనక ఎడమ వైపు ఢామ్మంది. తర్వాత టపటపా కొట్టుకుంది, తెగిన చెప్పు నేలకు కొట్టుకున్నట్టు. కారు వెనక భాగం పక్కకు తిరిగింది. అంతే సార్."

"ఆ టపటపలు ఎంతసేపు?"

"మూడో నాలుగో విన్నాను. ఆ తర్వాత కింద రోడ్డు లేదు."

"డాష్‌బోర్డులో ఏదైనా లైటు వెలిగిందా?"

"లేదు. వెలిగితే నాకంటే ముందు పెద్దయ్యగారికే కనపడుతుంది."

"బయల్దేరే ముందు టైర్లు చూశావా?"

"చుట్టూ తిరిగి చూశాను. రోజూ చూస్తాను. నాలుగూ మావే."

"లోపలి వైపు?"

"లోపలి వైపు ఎవరు చూస్తారు సార్? కారు కింద పడుకుంటే గాని కనపడదు."

"సోమవారం రాత్రి కారెక్కడుంది?"

"గోడౌను షెడ్డులో. తాళం పెట్టి ఇంటికెళ్లాను. ఇంకో తాళం ఆఫీసులో ఉంటుంది."

"లాయరున్నాడా?"

"చిన్నయ్యగారు పెట్టారు. పెద్దయ్యగారి తమ్ముడు. ఇంట్లో శవం ఉండగా నా కోసం లాయర్ని పంపారు సార్. లాయరుగారేమో, టైర్లు మార్చానని ఒప్పుకో, తేలిగ్గా పోతుందంటున్నారు. ఒప్పుకోనా?"

"మార్చావా?"

"లేదు."

"మరి దేన్ని ఒప్పుకుంటావు?"

డ్రైవర్ కట్టు వైపు చూసుకున్నాడు. "పదకొండేళ్లు ఆయన్ని తిప్పాను సార్. జైలుకు పంపినా వెళతాను. ఆయన టైర్లు అమ్ముకుని తిన్నానని మాత్రం అనిపించకండి. మా అక్క పనిచేసే చోట కూడా అదే చెప్పుకుంటున్నారట."

డిటెక్టివ్ ఊచ పట్టుకుని లేచాడు.

రెండు గంటలకు అతని మేనకోడలు వచ్చింది. కారు కంపెనీ వర్క్‌షాపులో ఇంజినీరుగా పనిచేసి మానేసి, సొంతంగా గేరుబాక్సులు బాగుచేసే షెడ్డు పెట్టుకుంది. చేతిలో పనిముట్ల పెట్టె, చిన్న కంప్యూటరు ఉన్నాయి.

"మావయ్యా, నువ్వు ఫోన్ చేసిన రోజు నాకు అన్నం ఉండదు. ఇది ఎన్నోసారి?"

"ఇంటికెళ్లి తిందువుగాని. ఒక బోల్టు విప్పాలి."

ఇన్‌స్పెక్టర్ యార్డు గేటు దగ్గర అడ్డం నిలబడ్డాడు. "కేసులో ఉన్న బండి సార్ అది. మీ మేనకోడలు ఆడుకోవడానికి కాదు."

"కప్లింగ్ కాలిపోయిందని కాగితం మీద పెట్టావా లేదా?"

"పెట్టాను."

"విప్పి చూశారా?"

"సర్వేయరు టైర్లు కొలిచాడు. సైజులో తేడా ఉంది. తేడా ఉంటే కాలుతుంది."

"రేపు కోర్టులో అవతలి లాయరు ఆ కాలిన కప్లింగ్ చూపించమంటాడు. అప్పుడు టైరు తన్ని చూశానని చెబుతావా? నీ ముందే విప్పుతాం. కాలి ఉంటే నీ కేసుకు ఇనుప గోడ కట్టిచ్చి పోతాను."

"కాలి లేకపోతే?"

"నీకు ఇంకో రాత్రి నిద్ర ఉండదు."

ఇన్‌స్పెక్టర్ గేటు వదిలాడు. "కానిస్టేబులు ఫోటోలు తీస్తాడు. ఏది ముట్టుకున్నా చెప్పి ముట్టుకోండి."

కారు నాలుగు చక్రాల మీదే నిలబడి ఉంది. పైకప్పు నలిగింది. కుడి తలుపులు లోపలికి పోయాయి. డిటెక్టివ్ తలుపుల దగ్గర ఆగలేదు. ముందు ఎడమ చక్రం దగ్గర వంగి, టైరుకూ రిమ్ముకూ మధ్య వేలు పెట్టి గీశాడు. ఎర్రమన్ను రాలింది. అందులో గడ్డి ఉంది. కుడి చక్రానిదీ అంతే. వెనక ఎడమ చక్రం దగ్గర అదే చోట గీశాడు. వేలికి మామూలు దుమ్ము అంటింది.

"ముందు చక్రాలు లోయలోకి వెళ్లాయి. వెనకవి వెళ్లలేదా?" అని అడిగాడు.

"కారు ముందు వైపుగా పడింది. మన్ను ముందే పడుతుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"సరే. టార్చి ఇవ్వు."

వెనక ఎడమ చక్రం పైన, మడ్‌గార్డు లోపల ప్లాస్టిక్ పలక చీలి ఉంది. దాని మీద నల్లటి చారలు పక్కపక్కనే పడ్డాయి. మేనకోడలు ఒక చారను గోటితో గీకి, వాసన చూసి, వేలు ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టింది.

"రబ్బరు. టైరు చిరిగి, ఆ ముక్క తిరుగుతూ కొడితే ఇలా పడుతుంది."

"ఈ టైరు చిరగలేదు కదమ్మా."

"అందుకే ఇది ఈ టైరు పని కాదు."

డిటెక్టివ్ కుడి వైపు చూశాడు. అక్కడ చారలు లేవు. కానిస్టేబులు రెండు వైపులా ఫోటోలు తీశాడు.

కారును జాకీ మీద లేపి, కింద దిమ్మలు పెట్టారు. మేనకోడలు అట్ట పరుచుకుని కిందికి దూరింది. కప్లింగ్ నూనె బోల్టు విప్పి, తెల్ల కప్పులో పట్టి ఇవతలికి తోసింది. నూనె తేనె రంగులో ఉంది. ఆమె బయటికి వచ్చి, కాగితం మీద ఒక చుక్క వేసింది. చుక్క పసుపుగా పరుచుకుంది.

"వెనక టైర్లు ముందువాటి కంటే నూటికి ఐదు వంతులు పెద్దవి. ఇంత తేడాతో తారు రోడ్డు మీద పాతిక కిలోమీటర్లు నడిస్తే ఈ నూనె మాడు వాసన రావాలి. అరవై నడిస్తే నల్లబడాలి. ఇది కొత్త నూనెలా ఉంది. కారు మెమరీ కూడా చూశాను. వేడెక్కినట్టు ఒక్క హెచ్చరిక లేదు."

"ఏమంటావు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఈ కారు ఈ టైర్ల మీద నడవలేదు సార్."

"మలుపుకు కాస్త ముందే మార్చి ఉండొచ్చు."

"మార్చొచ్చు," అన్నాడు డిటెక్టివ్. "కొండ మీద కారాపి, పెద్దాయన్ని కిందికి దించి, అయ్యా మీ టైర్లు అమ్ముకుంటున్నాను, కాస్త ఈ జాకీ పట్టుకోండి అని ఉంటాడు."

కానిస్టేబులు నవ్వాపుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. కప్పులో నూనె వాసన చూశాడు. మళ్లీ చూశాడు.

"అంటే పడ్డాక మార్చారు," అన్నాడు.

"పేలిన టైరు కనపడకుండా చేయాలనుకున్నారు. ఒక్కటే మారిస్తే తేడా తెలుస్తుందని రెండూ మార్చారు."

"ఎవరో గాని పద్ధతైన మనిషే," అంది మేనకోడలు, చేతులు తుడుచుకుంటూ. "కుడి, ఎడమ ఒకే జత చూసి వేశాడు. మామూలు కారుకైతే అంత చూస్తే చాలు. ముందూ వెనకా కూడా కలవాలని ఇలాంటి కారు వాడినవాళ్లకే తెలుస్తుంది. ఇతను వాడలేదు. సర్వేయరు టేపు పెట్టకపోతే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు."

టైము మూడూ నలభై. డిటెక్టివ్ దిమ్మ మీద కూర్చున్నాడు.

"నాలుగింటికి వాణ్ణి రిమాండుకు అడుగుతావా?"

"అడక్కపోతే పైవాళ్లు నన్నడుగుతారు."

"విరిగిన చేత్తో రాత్రంతా నేల మీద కూర్చున్నాడు. వాడు చెప్పింది చెప్పినట్టు ఆ మడ్‌గార్డు మీద ఉంది. ఇంటికి పోనివ్వు. ఎక్కడికీ పారిపోడు."

"మీరు నాకు పని నేర్పినప్పుడు, జాలి పడితే కేసు పాడవుతుందన్నారు."

"అన్నాను. ఇప్పుడు చెప్పేది కూడా నేనే."

ఇన్‌స్పెక్టర్, డ్రైవర్ని కోర్టుకు తీసుకెళ్లిన కానిస్టేబులుకు ఫోన్ చేశాడు. రిమాండు అడగవద్దని, జామీను మీద వదిలితే తమకు అభ్యంతరం లేదని ప్రాసిక్యూటరుకు చెప్పమన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని డిటెక్టివ్ పక్కనే ఇంకో దిమ్మ మీద కూర్చున్నాడు.

"కూర్చుంటే లేవనన్నావు."

"లేపడానికి మీరున్నారుగా."

నాలుగుంపావుకు క్రేను యార్డులోకి వచ్చింది. నలిగిన వ్యాను ఒకటి లాక్కొచ్చింది. క్రేను నడిపేవాణ్ణి అందరూ కొక్కెం అంటారు. నిన్న లోయలోంచి కారు తీసి తెచ్చింది అతనే.

"ఒరే కొక్కెం, ఇలా రా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మూడో మలుపు నుంచి ఇక్కడికి ఎంతసేపు?"

"గంటన్నర సార్."

"నిన్న కారు పైకి లాగిన మూడున్నర గంటలకు వచ్చావు."

"బరువు సార్."

"కొండ దిగేటప్పుడు బరువు ముందుకు తోస్తుంది. ఆపదు," అన్నాడు డిటెక్టివ్.

కొక్కెం అతని వైపు తిరిగాడు. "మీరు సర్వీసులో లేరు కదన్నా?"

"లేను. వాడున్నాడు. వాడికి నిద్ర లేదు, కోపం త్వరగా వస్తుంది."

కొక్కెం కారు వైపు చూశాడు. లేపి ఉన్న వెనక చక్రాల వైపు చూశాడు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"అందులో తప్పేముంది సార్? ఇన్సూరెన్సు కోసమన్నాడు. టైరు పేలిందని తెలిస్తే కంపెనీవాడు పైసా ఇవ్వడట. పోయినాయన పోయాడు, పిల్లలకు నాలుగు డబ్బులు రానీ అన్నాడు. ఆ మాట నిజమే కదా అనుకున్నాను. రెండు చక్రాలు మార్చాను. నా చేతిలో ఏం పెట్టాడో కూడా చెప్పమంటారా?"

"అది తర్వాత. ఎవడు?"

"చనిపోయినాయన తమ్ముడు."

ఇన్‌స్పెక్టర్ లేచాడు. "ఎన్ని గంటలకొచ్చాడు?"

"ఆయన రావడమేమిటి సార్? మీవాళ్లు ఫోన్ చేస్తే నేను ఎనిమిదింటికి వెళ్లాను. అప్పటికే కింది మలుపులో కారాపుకుని కూర్చున్నాడు. మీ కానిస్టేబులు డ్రైవర్నీ శవాన్నీ తీసుకుని ఆస్పత్రి బండిలో వెళ్లిపోయాడు. తర్వాత ఈయన నడిచొచ్చాడు. చక్రాలు ఆయన డిక్కీలోనే ఉన్నాయి."

"ఆ ఇంటికి మేం కబురు చేసిందే తొమ్మిదింటికి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఎవరితోనూ అన్నట్టు లేదు.

"విప్పిన చక్రాలేవి?" అడిగాడు డిటెక్టివ్.

"లోయలో పారెయ్యమన్నాడు."

"పారేశావా?"

కొక్కెం తన క్రేను వైపు చూశాడు.

"చిరిగింది పారేశాను. రెండోది బాగుందన్నా. మూడు నెలల టైరు, మంచి రిమ్ము. ఎత్తి పారెయ్యబోయాను, చేతులు రాలేదు. ఇరవయ్యేళ్లుగా ఇదే పని. మంచి చక్రం పారేసిన క్రేనువాణ్ణి ఒక్కణ్ణి చూపించండి."

చక్రం క్రేను వెనక, తాళ్ల కింద ఉంది. కొక్కెమే దించాడు. సైజు ముందు టైర్లదే, కంపెనీ అదే. రిమ్ము అంచున ఎర్రమన్ను ఇరుక్కుని ఉంది. డిటెక్టివ్ దాన్ని బోర్లా పడుకోబెట్టించాడు. కారుకు తగిలించినప్పుడు లోపలికి ఉండే వైపు పైకి వచ్చింది. మేనకోడలు టార్చి పట్టుకుని, బొటనవేలితో టైరు పక్క గోడను నొక్కుతూ చుట్టూ తిరిగింది. ఒకచోట ఆగింది. అక్కడ నల్లటి జిగురు పూసి ఉంది. గోటితో లాగితే పొరలా లేచింది. కింద కోత కనిపించింది. జానెడు పొడవు, తిన్నగా, లోపలి దారాలు తెగేదాకా.

"కత్తి," అంది. "రోడ్డు మీద ఎంత రాసుకున్నా ఇంత తిన్నగా తెగదు. ఇది కూడా ఇవాళో రేపో పేలేదే. రెండింటికీ పెట్టాడు మావయ్యా. ఏది ముందు పేలినా సరే అనుకున్నాడు."

కొక్కెం రెండడుగులు వెనక్కి వేశాడు. "నేను దీన్ని మా బావమరిది బండికి ఇద్దామనుకున్నాను," అన్నాడు.

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. "టైరు పేలిందని చెప్పేది ప్రపంచంలో ఒక్కడే. వాడికి లాయర్ని పెట్టింది ఎవరో తెలుసా?"

ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"డ్రైవర్ని అక్కడే ఉంచు. బయటికి పోనివ్వకు."

అవతలి కానిస్టేబులు మాట బయటికి వినిపించింది. "వదిలేశారు కదా సార్. మీరే అభ్యంతరం లేదన్నారు. పావుగంటైంది."

"జామీను ఎవరిచ్చారు?"

"పోయినాయన తమ్ముడే సార్. పెద్ద మనసు. చెయ్యి విరిగిందని పాపం తలుపు కూడా తనే తీసి కారెక్కించుకున్నాడు. ఇంటి దగ్గర దింపుతానన్నాడు."

"కారు నంబరు?"

"చూడలేదు సార్."

కోర్టు నుంచి డ్రైవర్ ఇంటికి పది నిమిషాల దారి. డిటెక్టివ్ అతని అక్కకు ఫోన్ చేశాడు. ఆమె గుమ్మంలోనే ఉంది.

"ఇంకా రాలేదండీ. చిన్నయ్యగారు తీసుకొస్తున్నారని లాయరుగారు ఫోన్ చేశారు. నీళ్లు కాచి ఉంచాను. మీరు చెప్పబట్టే వదిలారట కదా. మీ రుణం ఎలా తీర్చుకోను?"

"రాగానే నాకు చెప్పమ్మా," అన్నాడు డిటెక్టివ్.

చిన్నయ్యగారి ఫోను స్విచాఫ్‌లో ఉంది. కారు నంబరు కోల్డ్ స్టోరేజీ ఆఫీసు నుంచి దొరికింది. ఇన్‌స్పెక్టర్ ఆ నంబరు అన్ని టోల్‌గేట్లకూ పంపించి, జీపు తీశాడు. డిటెక్టివ్ పక్క సీట్లో ఎక్కాడు.

ఐదూ ఇరవైకి కొండ దారి మొదట్లో ఉన్న టోల్‌గేటు నుంచి ఫోన్ వచ్చింది. కారు ఐదూ పదికి గేటు దాటి పైకి వెళ్లింది. కెమెరాలో ఇద్దరు కనిపించారు. స్టీరింగు దగ్గర చిన్నయ్యగారు, పక్క సీట్లో చేతికి కట్టుతో డ్రైవర్.